లామినేషన్ చేసిన కాగితం

గవర్నర్‌పేటలో రెండు మందుల షాపుల మధ్య
ఇరుక్కున్న ఎనిమిదడుగుల గది నాది.
బోర్డు మీద చిన్నగా: డాక్టర్ యలవర్తి నీలవేణి.
దాని కింద ఇంకా చిన్నగా: విజయ తైలం లభించును.

విజయ అంటే ఊరి పేరులో సగం అనుకుంటారు.
పాల బూత్ అనుకుని
పెరుగు ప్యాకెట్ అడిగినవాళ్లూ ఉన్నారు.
ఎవరైనా గుచ్చి అడిగితేనే చెబుతాను,
పాత వైద్యంలో గంజాయాకు పేరమ్మా అది, అని.
మాట పూర్తయ్యేలోపు
చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోతుంది.

కౌంటరు వెనక గోడకి లైసెన్సు.
దానికి పదకొండు నెలలు తిరిగాను.
ఆయుష్ వాళ్లు ఎక్సైజు వాళ్లని అడగమన్నారు,
ఎక్సైజు వాళ్లు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ని అడగమన్నారు,
ఆయన సెలవులో ఉన్నాడు.
వచ్చేసరికి ఫారం మారింది.
చివరికి చేతికందిన రోజే లామినేషన్ చేయించాను,
శ్రావణంలో ఈ ఊళ్లో గోడలక్కూడా చెమట పడుతుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా,
ఏలూరు రోడ్డు బ్రాంచిలో ఆ పూజారి
మెడలో ఐడీ కార్డు వేసుకుని కూర్చుంటాడు.
"మీది హై రిస్క్ అని పైనుంచి వచ్చింది మేడం."
పైన ఎవరని అడిగితే ఫ్యాన్ వైపు చూశాడు.
మంగళవారం కార్డు మెషీన్ పట్టుకుపోయారు.
క్యూఆర్ స్టిక్కర్ నేనే గోరుతో గీకాను,
సగం వచ్చింది, సగం అద్దానికే ఉండిపోయింది.

హైదరాబాదు ల్యాబుకి ప్రతి బ్యాచ్ పంపాలి.
నా యాభై సీసాలకీ
బెంగళూరు కంపెనీ యాభై వేల సీసాలకీ
అదే ఫీజు.
వాళ్ల సీసా మీద ఆకు బొమ్మ పచ్చగా నవ్వుతుంది.
నా లేబుల్ మీద ఆకు వేస్తే
ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు.
ఆయన రోజూ పొద్దున్నే పేపరు తెస్తాడు,
వారధి దగ్గర లారీ దొరికిందని,
కొబ్బరి బొండాల కింద నాలుగు వందల కిలోలని.
"చూశావామ్మా" అంటాడు,
ఆ బొండాలు నేనే ఎక్కించినట్టు.
ఆ వారమంతా గల్లాపెట్టె
ఎండిన కాలవలా ఉంటుంది.

ఆటోనగర్‌లో లేత్ పని చేసే మస్తాన్ వలీ
నెలకోసారి వస్తాడు, చీటీ మడత పెట్టుకుని.
కీమో తర్వాత భార్యకి నిద్ర లేదు.
ఇంట్లో మోకాళ్ల నూనె అని చెప్పాడట.
అన్నీ పదిరూపాయల బిళ్లలే,
గ్రీజు మరకలతో.
లెక్కపెడుతూ నా ముఖం చూడడు,
నేనూ చూడను.
ఇద్దరం ఏదో దొంగ సరుకు పంచుకుంటున్నట్టు.
రిజిస్టరులో మాత్రం
అతని పేరు ముత్యాల్లా రాస్తాను,
డోసూ, తారీఖూ, డాక్టరు నంబరూ.

నిన్న కొత్త కానిస్టేబుల్ వచ్చాడు,
మీసం ఇంకా సరిగ్గా దిద్దుకోని కుర్రాడు.
మూత తీసి వాసన చూశాడు.
నువ్వుల నూనె వాసనకి కొంచెం నిరాశపడ్డాడు.
రిజిస్టరు తిరగేశాడు, ఫొటో తీశాడు,
గోడ మీది కాగితాన్ని రెండుసార్లు చదివాడు.
వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"మా అమ్మకి నడుంనొప్పండి. ఒకటిస్తారా?
పేరు మాత్రం ఎక్కడా రాయొద్దు."

రాయకుండా ఇస్తే
ఈ గది రేపటికి ఉండదు బాబూ, అన్నాను.
చీటీ తెచ్చుకో, పేరు చెప్పు, బిల్లు తీసుకో.
చాలాసేపు నిలబడ్డాడు.
అద్దం మీది సగం క్యూఆర్ మీద ఫోన్ పెట్టాడు.
అది అతన్నీ గుర్తుపట్టలేదు.